అద్దం చప్పుడుపై అయిదేళ్ల పోరు

రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రాయనివాళ్లు అరుదు. ఇంటర్వ్యూలో ఆ లైను మీద వేలుపెట్టి, ఇంతవరకూ ఏ సమస్య పరిష్కరించారో చెప్పమని అడిగితే మాత్రం చాలామందికి గొంతు తడారిపోతుంది. మన తప్పేం లేదు. పరీక్షల్లో సమస్యను ఎవరో ఇస్తారు, మనం జవాబు రాస్తాం. ఉద్యోగంలో అలా ఉండదు. అక్కడ ముందు సమస్యను మనమే కనిపెట్టాలి. చిక్కేంటంటే అసలైన సమస్యలు చాలావరకు సమస్యల్లా కనిపించవు. అందరూ వాటికి అలవాటుపడిపోయి ఉంటారు.

అలా అందరూ అలవాటుపడిపోయిన ఒక చిన్న చప్పుడును పట్టుకుని, అయిదేళ్లు దాని వెంటపడి, కెమెరాల రూపురేఖలే మార్చేసిన ఇంజినీర్ యోషిహిసా మైతానీ. జపాన్‌లో ఒలింపస్ కంపెనీ డిజైనర్. 2009లో కన్నుమూశారు. ఫిల్మ్ కెమెరాలంటే ప్రాణమిచ్చేవాళ్లు ఇప్పటికీ ఆయన పేరును గురువు పేరులా తలుచుకుంటారు.

కాలేజీలోనే పేటెంట్

మైతానీ 1933 జనవరి 8న జపాన్‌లోని షికోకు దీవిలో, కగావా ప్రాంతంలో పుట్టారు. వాళ్లది సోయా సాస్ తయారుచేసే కుటుంబం. చిన్నప్పటి నుంచీ కెమెరాల పిచ్చి. చదువు మాత్రం వేరే దారిలో సాగింది. టోక్యోలోని వాసెడా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరి కారు ఇంజిన్ల మీద దృష్టి పెట్టారు. క్లాసులో పిస్టన్లు, గేర్లు. క్లాసు అయ్యాక చేతిలో లైకా కెమెరా. అప్పట్లో ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న జర్మన్ కెమెరా అది.

ఫొటోలు తీసి ఊరుకునే రకం కాదాయన. కెమెరా ఎలా పనిచేస్తోంది, ఇంకా మెరుగ్గా ఎందుకు పనిచేయదు అని ఆలోచించేవారు. అలా ఆలోచించే విద్యార్థిగా ఉండగానే కెమెరాకు సంబంధించి ఒక పేటెంట్ సంపాదించారు. ఒలింపస్‌లో కెమెరాల విభాగానికి పెద్ద దిక్కయిన ఎయిచి సకురాయ్ కంట్లో ఆ పేటెంట్ పడింది. అదే మైతానీకి ఉద్యోగం తెచ్చిపెట్టింది. 1956లో ఆయన ఒలింపస్‌లో చేరారు. ఆయన చేతి పనే ఆయన రెజ్యూమె అయిందన్నమాట.

ఒలింపస్ పుట్టుకతో కెమెరాల కంపెనీ కాదు. 1919లో మైక్రోస్కోపుల తయారీ కోసం మొదలైన సంస్థ. కడుపులోకి పంపి ఫొటోలు తీసే గ్యాస్ట్రోకెమెరాను 1950లో తయారుచేసిందీ వాళ్లే. ఈ నేపథ్యం తర్వాత మన కథలో పనికొస్తుంది.

ఆరు వేల యెన్ల పంతం

చేరగానే డిజైన్ టేబుల్ ముందు కూర్చోబెట్టలేదు. మొదట ఫ్యాక్టరీలో శిక్షణ. ఆ తర్వాత ఏదైనా కొత్తది డిజైన్ చేయమన్నారు. మైతానీ పెట్టుకున్న లక్ష్యం వింటే పైవాళ్లకు నవ్వొచ్చింది. ఒలింపస్ కెమెరా కొనాలంటే ఇరవై వేల యెన్లు దాటే రోజులవి. ఆయన మాత్రం 6,000 యెన్లకే కెమెరా అమ్మాలన్నారు. అందులో లెన్సు లైకాకు తీసిపోకూడదన్నారు.

డబ్బంతా లెన్సే తినేసింది. మిగిలిన భాగాలను దాదాపు చిల్లరతో చేయాల్సి వచ్చింది. ఫిల్మ్‌ను ముందుకు తిప్పే లివర్ ఖరీదైనది కాబట్టి తీసేసి, వెనకవైపు బొటనవేలితో తిప్పే చిన్న చక్రం పెట్టారు. ఫ్రేమును సగానికి తగ్గించారు. దాంతో 36 ఫొటోల రీల్లో 72 ఫొటోలు పట్టాయి. ఇంతచేసినా సొంత ఫ్యాక్టరీ దాన్ని తయారుచేయడానికి ఒప్పుకోలేదు. బయటి సంస్థకు ఇచ్చి చేయించాల్సి వచ్చింది. 1959లో అది ‘ఒలింపస్ పెన్’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. జేబులో పెన్నులా వెంట ఉండాలని ఆ పేరు. జనం ఎగబడి కొన్నారు.

1963లో ‘పెన్ ఎఫ్’ వచ్చింది. అది హాఫ్ ఫ్రేమ్ రిఫ్లెక్స్ కెమెరా. మామూలు రిఫ్లెక్స్ కెమెరాల్లో అద్దం పైకి లేస్తుంది. ఇందులో పక్కకు తిరుగుతుంది. షట్టర్ కూడా గుండ్రంగా తిరిగే టైటానియం రేకు. నెత్తిన మూపురంలాంటి ప్రిజమ్ లేకుండా చదునుగా ఉండే ఆ కెమెరాను చూస్తే రిఫ్లెక్స్ అనిపించదు. అద్దం ఇలాగే కదలాలి అని ఎక్కడా రాసిపెట్టి లేదని మైతానీ అప్పుడే తేల్చేశారు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక అసలు పోరు. అది అర్థం కావాలంటే రిఫ్లెక్స్ కెమెరా లోపల ఏం జరుగుతుందో రెండు నిమిషాలు చూద్దాం.

లెన్సు నుంచి వచ్చే వెలుగును 45 డిగ్రీల్లో వాలి ఉన్న ఒక అద్దం పైకి మళ్లిస్తుంది. అది ప్రిజమ్ గుండా మన కంటికి చేరుతుంది. అందుకే లెన్సు చూసేదే మనమూ చూస్తాం. కానీ ఫొటో పడాలంటే వెలుగు వెనకున్న ఫిల్మ్‌కు చేరాలి. అంటే అద్దం అడ్డు తప్పుకోవాలి. బటన్ నొక్కగానే అద్దం స్ప్రింగు బలంతో పైకి లేచి, టప్‌మని ఆగుతుంది. షట్టర్ తెర తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అద్దం మళ్లీ కిందికి పడుతుంది. ఇదంతా కనురెప్పపాటులో జరిగిపోతుంది.

ఇందులో రెండు దెబ్బలున్నాయి. అద్దం కిందికి పడేటప్పటి దెబ్బ ఫొటో అయిపోయాక తగులుతుంది కాబట్టి చప్పుడు తప్ప ఫొటోకు నష్టం లేదు. ప్రమాదమంతా మొదటి దెబ్బతోనే. అద్దం పైకి వెళ్లి ఆగిన కుదుపుకి కెమెరా వణుకుతూ ఉండగానే షట్టర్ తెరుచుకుంటుంది. వణుకుతున్న చేత్తో సంతకం పెట్టినట్టే.

ఈ వణుకు అన్ని వేగాల్లోనూ ఒకేలా నష్టం చేయదు. ఉదాహరణకు కెమెరా సెకనుకు 30 సార్లు కంపిస్తోందనుకుందాం. షట్టర్ సెకనులో వెయ్యో వంతే తెరుచుకుంటే, ఆ కాస్తలో కెమెరా కదిలేది చాలా తక్కువ. అదే పదిహేనో వంతు తెరిచి ఉంటే రెండు పూర్తి ఊపులు ఫొటోలో పడిపోతాయి. ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచితే మళ్లీ ఇబ్బంది తగ్గుతుంది. వణుకు మొదట్లోనే ఆగిపోతుంది, మిగతా సమయమంతా కెమెరా కదలకుండా ఉంటుంది కాబట్టి. అందుకే ఫొటోగ్రాఫర్లకు ఎనిమిదో వంతు, పదిహేనో వంతు, ముప్ఫయ్యో వంతు వేగాలంటే గుబులు.

చేత్తో పట్టుకుని ఊళ్లో ఫొటోలు తీసేవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ కెమెరాను మైక్రోస్కోపుకి బిగిస్తే? వస్తువును వంద రెట్లు పెద్దదిగా చూపే పరికరం ఆ వణుకునీ పెద్దది చేసి చూపిస్తుంది. టెలిస్కోపుకి బిగించినా అంతే. మైక్రోస్కోపులతో బతికిన కంపెనీలో పనిచేసే మైతానీకి ఇది పక్క గదిలో కనిపించే కష్టం. విశ్వం నుంచి బ్యాక్టీరియా దాకా దేన్నైనా ఫొటో తీయగల కెమెరా కుటుంబం కావాలన్నది ఆయన కల.

మూడు లోపాలు, మూడూ శత్రువులే

1960ల చివర్లో ఒలింపస్ పూర్తి ఫ్రేమ్ 35 ఎంఎం రిఫ్లెక్స్ కెమెరా చేయాలనుకుంది. అప్పటికే ఆ రంగంలో 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ రాజ్యమేలుతోంది. గట్టి కెమెరా, యుద్ధరంగాల్లో నమ్మకంగా పనిచేసిన కెమెరా. బాడీ ఒక్కటే దాదాపు 685 గ్రాములు. దాని మీద లైట్ మీటర్ ఉన్న ఫైండర్, లెన్సు బిగిస్తే మెడకు బండ కట్టినట్టే. దాన్ని చూసి అలాంటిదే ఇంకొకటి చేయడం తేలిక. మైతానీ ఆ దారిన వెళ్లలేదు. రిఫ్లెక్స్ కెమెరాకు మూడు లోపాలున్నాయని తేల్చారు. పెద్దగా ఉండటం ఒకటి. బరువుగా ఉండటం రెండు. అద్దం, షట్టర్ చేసే చప్పుడు, కుదుపు మూడు.

వింటే తేలికే. కాగితం మీద పెడితే తెలుస్తుంది, ఈ మూడూ ఒకదానికొకటి శత్రువులని. బరువైన కెమెరా తన బరువుతోనే అద్దం దెబ్బను మింగేస్తుంది. బరువు తగ్గిస్తే అదే అద్దం దెబ్బకు కెమెరా ఎక్కువ ఊగుతుంది. మొదటి ఏడాది ఫిజిక్స్‌లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వమే ఇది. పెద్ద లారీ తలుపు వేసినా లారీ కదలదు, ఆటో తలుపు గట్టిగా వేస్తే ఆటో ఊగుతుంది. పైగా ఫైండర్లో దృశ్యం పెద్దగా, మూలలదాకా నిండుగా కనిపించాలని మైతానీ పట్టుబట్టారు. అందుకు అద్దం పెద్దది కావాలి. అంటే చిన్న, తేలికైన కెమెరాలో పెద్ద అద్దం, అదీ చప్పుడు లేకుండా! రెండు లోపాలు తగ్గించిన కొద్దీ మూడోది పెరిగే లెక్క ఇది.

సిరంజి చెప్పే కిటుకు

సాధారణంగా అద్దం ఆగే చోట మెత్తటి ఫోమ్ ముక్క అంటిస్తారు. చవకైన పని. కానీ ఫోమ్ కొంత శక్తిని మింగి, కొంత తిరిగి తన్నుతుంది. ఏళ్లు గడిచాక జిగురుగా మారి ఊడిపోతుంది కూడా.

మైతానీ బృందం అద్దం యంత్రాంగానికి గాలి డ్యాంపర్ జోడించింది. సూది లేని సిరంజి మూతిని వేలితో దాదాపు మూసి పిస్టన్ నొక్కి చూడండి. ఎంత బలంగా నొక్కినా అది నెమ్మదిగానే లోపలికి వెళ్తుంది. గాలి సందులోంచి కొంచెం కొంచెంగా తప్పించుకుంటూ మీ బలాన్ని తినేస్తుంది, తిరిగి తన్నదు. తలుపులకు బిగించే డోర్ క్లోజర్ కూడా ఇలాంటి సూత్రం మీదే పనిచేస్తుంది. గాలి బదులు దాంట్లో నూనె ఉంటుంది. కెమెరాలో ఇదే పనిని ఒక బుల్లి సిలిండర్, పిస్టన్ చేస్తాయి. కాలేజీలో కారు ఇంజిన్లు చదివిన మనిషికి పిస్టన్ కొత్త చుట్టమేం కాదు.

దీంట్లో ఒక మెలిక ఉంది. అద్దాన్ని మొదటి నుంచీ నెమ్మది చేస్తే బటన్ నొక్కాక ఫొటో ఆలస్యంగా పడుతుంది. పక్షి ఎగిరిపోతుంది, పిల్లాడి నవ్వు ఆగిపోతుంది. కాబట్టి అద్దం వేగంగా వెళ్లాలి, ఆగేముందు మాత్రం మెత్తగా ఆగాలి. మంచి బస్సు డ్రైవర్ బ్రేకు వేసినట్టు.

డ్యాంపర్ ఒక్కటే అన్నీ చేయలేదు. షట్టర్ వేగాన్ని మార్చే డయల్ మామూలుగా కెమెరా నెత్తిన ఉంటుంది. దాన్ని లెన్సు బిగించే చోట చుట్టూ రింగులా పెట్టారు. వేగాన్ని నియంత్రించే యంత్రాంగాన్ని కెమెరా అడుగుకు దించారు. షట్టర్ తెరలను లాగే వెడల్పాటి రిబ్బన్ల చోట సన్నటి దారాలు పెట్టారు. ఒక్కో మార్పుకీ ఒక్కో పేచీ. ఒకచోట మిల్లీమీటర్ తగ్గిస్తే ఇంకోచోట గేరు తగులుతుంది. బరువు ఎక్కడో ఒకచోట మూటకట్టి ఉండదు కాబట్టి దాన్ని గ్రాము గ్రాముగా వెతుక్కోవాల్సిందే.

ఎం-1 నుంచి ఓఎం-1

1972 జులైలో ఆ కెమెరా ‘ఎం-1’ పేరుతో బయటికొచ్చింది. ఎత్తు 83 మిల్లీమీటర్లు. బాడీ బరువు దాదాపు 510 గ్రాములు, అదీ లైట్ మీటర్‌తో కలిపి. 50 ఎంఎం లెన్సు బిగించినా సుమారు 680 గ్రాములే. అంటే లెన్సుతో కలిపిన ఈ కెమెరా, లెన్సు లేని నికాన్ ఎఫ్‌తో దాదాపు సమానం. ఫైండర్లో ఫొటో 97 శాతం కనిపించేది. బటన్ నొక్కితే అలవాటైన టప్ బదులు మెత్తటి శబ్దం.

అదే ఏడాది జర్మనీలోని కొలోన్‌లో ఫొటోకినా ప్రదర్శన జరిగింది. తమ కెమెరాలకు ‘ఎం’ అక్షరం ముందే ఉందని లైకా అభ్యంతరం చెప్పింది. కుర్రతనంలో మైతానీ ఆరాధించిన కంపెనీ అది. ఒలింపస్ పేరు మార్చి ‘ఓఎం-1’ చేసింది. ఓ అంటే ఒలింపస్, ఎం అంటే మైతానీ అని ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

ఓఎం-1లో అందరూ గమనించని చిన్న మీట ఒకటుంది. దాన్ని తిప్పితే అద్దం ముందే పైకి లేచి అక్కడే ఉండిపోతుంది. వణుకు పూర్తిగా ఆగాక ఫొటో తీసుకోవచ్చు. అంత చక్కటి డ్యాంపర్ పెట్టినాయన ఈ మీట కూడా ఎందుకు పెట్టినట్టు? డ్యాంపర్ వణుకును తగ్గిస్తుందే తప్ప సున్నా చేయదు కాబట్టి. మైక్రోస్కోపు, టెలిస్కోపు వాడేవాళ్లకు ఆ మిగిలిన కాస్తా ముఖ్యమే. తన పరిష్కారానికి హద్దు ఎక్కడుందో ఒప్పుకుని, ఆ హద్దు దాటాల్సిన వాళ్లకు వేరే దారి వేసిపెట్టడం ఇంజినీర్ నిజాయతీ. షట్టర్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు. రాత్రంతా చలిలో ఆకాశాన్ని ఫొటో తీసేవాళ్లు ఈ కెమెరాను దశాబ్దాలపాటు వదల్లేదు.

తర్వాత పెద్ద కంపెనీలూ దారి మార్చాయి. 1976లో పెంటాక్స్ ఎంఎక్స్, 1977లో నికాన్ ఎఫ్ఎం వచ్చాయి. చిన్న రిఫ్లెక్స్ కెమెరా అనేది మామూలు విషయమైపోయింది. మైతానీ ఆగలేదు. 1975లో ఓఎం-2 వచ్చింది. అది షట్టర్ తెరిచి ఉండగానే ఫిల్మ్ మీద నుంచి తిరిగొచ్చే వెలుగును కొలిచేది. 1979లో ముందు తలుపు జరిపితే చాలు, ఫొటోకు సిద్ధమయ్యే జేబు కెమెరా ‘ఎక్స్ఏ’ వచ్చింది. అన్నీ విజయాలే అనలేం. 1980ల్లో ఆటోఫోకస్ గాలి వీచినప్పుడు ఒలింపస్ రిఫ్లెక్స్ కెమెరాలు వెనకబడ్డాయి. మైతానీ 1996లో రిటైరయ్యారు.

మీ చేతిలో ఏముంది?

ఇప్పుడు ఫిల్మ్ కెమెరా కంపెనీలో ఉద్యోగం ఎక్కడుంది అనుకోవద్దు. మైతానీ చేసిన పనికి ఇవాళ ఆటోమొబైల్ రంగంలో ‘ఎన్‌వీహెచ్’ అని పేరు. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. వాహనాల్లో చప్పుడు, కంపనం తగ్గించే విభాగం. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ హోరు ఉండదు కాబట్టి ఇంతకాలం దాని చాటున దాక్కున్న చిన్న చిన్న చప్పుళ్లన్నీ బయటపడుతున్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో ఇందుకోసం ప్రత్యేక ల్యాబులున్నాయి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, డేటా అనాలిసిస్ తెలిసినవాళ్లు ముగ్గురికీ ఇందులో చోటుంది.

మొదలుపెట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు. మీ ఫోన్లోనే యాక్సెలరోమీటర్ ఉంది. ఉచిత యాప్‌తో దాని రీడింగులు గ్రాఫుగా చూడొచ్చు. కాలేజీ ల్యాబులో లేత్ మీదో, హాస్టల్ వాటర్ పంపు మీదో, ఇంట్లో మిక్సీ పక్కనో పెట్టి కంపనం కొలవండి. కింద రబ్బరు ముక్క పెట్టి మళ్లీ కొలవండి. ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది, ఇంకెంత మిగిలింది రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ దగ్గర ఆ మూడు అంకెలు చెప్పగలిగితే చాలు.

నిజంగా కొత్తదేదైనా దొరికితే మైతానీ చేసిన పనే చేయండి. మన దేశంలో వ్యక్తిగతంగా ఆన్‌లైన్లో పేటెంట్ దరఖాస్తుకు ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. పరిశీలన రుసుము వేరుగా ఉంటుంది. గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు 2021 నుంచి రుసుముల్లో 80 శాతం రాయితీ ఉంది కాబట్టి కాలేజీ ద్వారా వెళ్లడమూ మంచిదే. ఒక్క జాగ్రత్త: టెక్ ఫెస్ట్‌లోనో, సోషల్ మీడియాలోనో చూపించేయకముందే దరఖాస్తు పడాలి. బయటపెట్టేసిన దాన్ని కొత్తదని నిరూపించుకోవడం కష్టం.

మైతానీ 2009 జులై 30న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సరిగ్గా ఆ వేసవిలోనే, మొదటి పెన్ వచ్చిన యాభై ఏళ్లకు, ఒలింపస్ మళ్లీ పెన్ పేరుతో ఒక డిజిటల్ కెమెరా విడుదల చేసింది. దానికి లెన్సులు మార్చుకోవచ్చు. లోపల అద్దం మాత్రం లేదు. దృశ్యాన్ని సెన్సరే నేరుగా తెరమీద చూపిస్తుంది. ఇవాళ పెద్ద కంపెనీల కొత్త కెమెరాల్లో చాలావరకు ఈ మిర్రర్‌లెస్ బాటలోనే వస్తున్నాయి. అద్దం చప్పుడును ఎలా తగ్గించాలన్న ప్రశ్నకు అద్దమే లేకపోవడం జవాబైంది. కానీ ఆ చప్పుడు ఒక లోపమని ముందు ఎవరో ఒకరు ఒప్పుకోవాల్సి వచ్చింది. మీ ల్యాబులో, మీ వీధిలో, మీరు ఎక్కే బస్సులో అందరూ వినీవిననట్టు వదిలేసిన చప్పుడేదో ఇవాళ ఒకసారి చెవిపెట్టి వినండి.